రొయ్యల ప్లాంటులో సగానికి పైగా సామర్థ్యం ఖాళీ: కిలో 38కి జాబ్ వర్క్ ఒప్పుకోవాలా, లైన్ ఆపేయాలా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విశాఖలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. రెండు ఐక్యూఎఫ్ లైన్లు (రొయ్యలను విడివిడిగా గడ్డకట్టించేవి), గంటకు చెరో టన్ను. బ్లాకులకు ప్లేట్ ఫ్రీజర్లు, రోజుకు 8 టన్నులు. అన్నీ కలిపి కాగితం మీద రోజుకు 40 టన్నులు. ఏడాదిగా సగటు మాత్రం 14 టన్నులు, నెలకు 25 పనిదినాలు. ముడిసరుకు కాకుండా కిలోకు ఖర్చు 62 రూపాయలు పడుతోంది, ముడిసరుకు ధర పోను చేతికి 66 వస్తోంది. ఇప్పుడు మరో ఎగుమతిదారు తన సరుకు తానే తెచ్చి రోజుకు 5 టన్నులు, కిలో 38 చొప్పున జాబ్ వర్క్ చేసిపెట్టమంటున్నారు. ఖాళీగా ఉండే కంటే నయమని మేనేజరు, 62 ఖర్చు పెట్టి 38కి చేస్తే కిలోకు 24 నష్టమని అకౌంటెంటు. మధ్యలో బ్యాంకు వాళ్లు మూడో లైనుకు లోను ఇస్తామంటున్నారు. ఏది సరైన దారి?

ముందు జవాబు చెప్పేస్తాను. 38కి ఒప్పుకోవచ్చు, కానీ అన్‌సీజన్లో కూడా సరుకు తెస్తానని రాసిస్తేనే. రెండో లైన్ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పద్ధతిగా ఆపేయండి. మూడో లైను వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీగా ఉన్న లైను నింపడం కోసం చెరువు గట్టున రొయ్య రేటు పెంచకండి. ఈ చివరి మాటే చాలా ప్లాంట్లను ముంచేది. దాని దగ్గరికి నిదానంగా వస్తాను.

అకౌంటెంటు గారి లెక్కలో తప్పెక్కడుందో చూద్దాం. 62లో రెండు రకాల ఖర్చులు కలిసిపోయి ఉన్నాయి. ఒలిచే కూలి, కరెంటు యూనిట్లు, ఐసు, నీళ్లు, క్లోరిన్, పాలిథిన్ కవర్లు, కార్టన్లు, ల్యాబు పరీక్షలు: ఇవి కిలో చేస్తే పడతాయి, చేయకపోతే పడవు. మామూలు ప్లాంటులో వీటిని విడిగా రాసుకుంటే మీ మొత్తంలో సుమారు సగానికి వస్తాయి. 32 అనుకుందాం. మిగిలిన 30 రూపాయలు జీతాలు, బ్యాంకు వడ్డీ, ఇన్సూరెన్సు, కరెంటు డిమాండ్ చార్జీ, కోల్డ్ స్టోరేజీ నడిపే కనీస ఖర్చు. ఇవి రొయ్య వచ్చినా రాకపోయినా పడతాయి. మీ 14 టన్నులంటే నెలకు 3,50,000 కిలోలు. 30తో గుణిస్తే స్థిర ఖర్చు నెలకు కోటీ 5 లక్షలు.

ఇక జాబ్ వర్క్ కిలోకు 38 వస్తే, 32 పోను 6 మిగులుతుంది. రోజుకు 5 టన్నులంటే నెలకు 1,25,000 కిలోలు, అంటే 7 లక్షల 50 వేలు. ఎలాగూ పడే కోటీ 5 లక్షల్లో అంత భారం తగ్గినట్టే. కనుక కిలోకు 24 నష్టం అనేది లేదు. ఈ మాట వరకు మేనేజరు గారిదే రైటు.

అయితే ఆయన లెక్కలో మూడు విషయాలు లేవు.

మొదటిది, 5 టన్నులు ఎక్కడ గడ్డకట్టిస్తారు? మీ 14 టన్నులు దాదాపు అంతా ఐక్యూఎఫ్ అనుకుంటున్నాను. ఒక లైన్ రోజుకు 16 గంటలు నడిస్తే 16 టన్నులు. 14తో అది నిండిపోయింది. అదనపు 5 టన్నులు కూడా ఐక్యూఎఫే అయితే రెండో లైన్ తిప్పాలి. దానికో ఆపరేటర్ల షిఫ్టు, ఇంకో కంప్రెసర్, బ్లోయర్లు, శుభ్రం చేసే నీళ్లు, మనుషులు. ఇలా మెట్టులా ఒక్కసారి పెరిగే ఖర్చు నెలకు 4 లక్షలనుకుంటే మిగిలేది మూడున్నర లక్షలే. అదే ఆ సరుకు 2 కిలోల బ్లాకులైతే ఖాళీగా ఉన్న ప్లేట్ ఫ్రీజర్లలో పోతుంది, రెండో లైన్ ముట్టుకోనక్కర్లేదు, ఏడున్నర లక్షలూ మీవే. అందుకే రేటు గురించి మాట్లాడే ముందు ఏ సరుకు, ఏ ప్యాకింగు అని అడగండి. 38 రూపాయలు రెండింటికీ ఒకటే అయినా మీకు మిగిలేది సగానికి సగం తేడా.

రెండోది, ఈ రేటు బయటికి పొక్కితే ఏమవుతుంది? మీ పాత కొనుగోలుదారులు కిలోకు 3 రూపాయలు తగ్గించమంటే 3,50,000 కిలోల మీద 10 లక్షల 50 వేలు పోతాయి. ఏడున్నర కోసం పదిన్నర పోగొట్టుకున్నట్టు. విశాఖ చిన్న ఊరు కాదు, కానీ సీఫుడ్ వ్యాపారంలో మాత్రం చిన్న ఊరే. కంటెయినర్ బుకింగ్ చేసే ఏజెంట్లు, కార్టన్లు సప్లై చేసేవాళ్లు, ల్యాబులు అందరికీ ఒకరే. కాబట్టి జాబ్ వర్క్ సరుకు మీ పాతవాళ్లు కొనే సరుకు కాకుండా చూసుకోండి: వేరే కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య), వేరే కట్, వేరే దేశం.

మూడోది కాలం. సగటు 14 అన్నారు. మే నెలలో 24, జనవరిలో 7 వచ్చినా సగటు ఇలాగే కనిపిస్తుంది. వనామీ రకం రొయ్య మొదటి పంట పట్టుబడులు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జులై దాకా, రెండో పంట సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు చలి, తెల్లమచ్చ జబ్బు భయం, చెరువులు తక్కువ. జాబ్ వర్క్ అడిగే ఆయన కూడా అవే చెరువుల మీద ఆధారపడ్డవాడే. మేలో తెచ్చి జనవరిలో తేకపోతే మీరు అమ్ముతున్నది ఖాళీ కాదు, రద్దీలో మీ చోటు. దాని విలువ 38 కాదు. ఆ నెలల్లో మీ సొంత సరుకు ఒక కిలో వెనక్కి పోయిందంటే పోయేది 34 రూపాయలు (66లోంచి 32 తీసేస్తే), సంపాదించేది 6.

అందుకని ఒప్పందంలో ఇవి ఉండాలి. నెలవారీ కనీస పరిమాణం, నవంబరు నుంచి మార్చి వరకు కూడా. తేకపోతే ఆ కనీసానికి కిలోకు కనీసం 6 రూపాయలైనా కట్టాలి. సీజన్లో 48 గంటల ముందు చెప్పి నిరాకరించే హక్కు మీకు. యీల్డ్, అంటే ఒలిచాక మిగిలే సరుకు శాతం, తగ్గితే ఎవరి బాధ్యతో ముందే రాసుకోవడం: ప్రతి లారీకి 5 కిలోల శాంపిల్ తీసి, ఇద్దరి మనుషుల ముందు ఒలిచి, ఆ శాతం మీద ఒక శాతం అటూ ఇటూ మాత్రమే ఒప్పుకోవడం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్‌ల పరీక్షలు సరుకు దించకముందే, ఆయన ఖర్చుతో. ఈ ఒక్కటి మరిచిపోతే మిగతావన్నీ దండగ, ఎందుకంటే యాంటీబయాటిక్ అవశేషాలతో కంటెయినర్ వెనక్కొస్తే మచ్చ పడేది ప్యాకింగు మీద ఉన్న అప్రూవల్ నంబరుకు, అంటే మీకు.

ఇంతకీ మీ సామర్థ్యం నిజంగా 40 టన్నులేనా?

ఇది ఎవరూ కొలవరు. ఫ్రీజరు సామర్థ్యాన్నే ప్లాంటు సామర్థ్యం అనుకుంటారు. రొయ్య గేటు దగ్గర కాటా మీదికి ఎక్కిన దగ్గర్నుంచి కోల్డ్ స్టోరులోకి వెళ్లేదాకా ఆరు మెట్లు: దింపడం కడగడం, తల తీయడం, గ్రేడింగు, ఒలవడం, గడ్డకట్టించడం, గ్లేజింగు (మంచు పూత) ప్యాకింగు. ఆరింటిలో అన్నిటికన్నా సన్నటి మెట్టు ఏదో అదే మీ సామర్థ్యం. అది కూడా కౌంటును బట్టి మారుతుంది.

ఒలిచే అక్క ఒకామె గంటకు 400 రొయ్యలు ఒలుస్తుందనుకోండి. 40 కౌంటు రొయ్య, అంటే కిలోకు 40 తూగేది, గంటకు 10 కిలోలు అవుతుంది. 100 కౌంటు వస్తే అదే చేయి, అదే వేగం, 4 కిలోలే. 120 మంది 7 గంటలు కూర్చుంటే 40 కౌంటులో 8.4 టన్నులు, 100 కౌంటులో 3.4 టన్నులు. ధర పడిపోయి రైతులు ముందుగానే చిన్న కౌంటులో చెరువు పట్టేసినప్పుడు ఇదే జరుగుతుంది. ఐక్యూఎఫ్ బెల్టు దగ్గర నిలబడి చూడండి. రొయ్యలు ఒకదానికొకటి తగలకుండా బెల్టు నిండా పరుచుకుని పోతుంటే లైన్ పని చేస్తున్నట్టు. గుప్పెడు రొయ్యలు, తర్వాత జానెడు ఖాళీ, మళ్లీ గుప్పెడు పోతుంటే వెనక ఒలిచే చేతులు చాలడం లేదని అర్థం. ఆ ఖాళీ జానెడుకు కూడా మైనస్ 40 డిగ్రీల గాలి పూర్తిగా వీస్తూనే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ ఫ్రీజర్ మిగిలిందని ఆర్డర్లు వెతకడం పొరపాటు. ఇంకో 40 మంది ఒలిచేవాళ్లు కావాలి, లేదా ఆ కౌంటును తల మాత్రం తీసి, ఒలవకుండా హెడ్‌లెస్‌గానే అమ్మాలి.

బరువుల గందరగోళం ఇంకోటి. 100 కిలోల తలతో ఉన్న రొయ్య తెస్తే, తల తీశాక సుమారు 65 కిలోలు, తొక్క కూడా తీస్తే 50 నుంచి 55. ఫ్రీజర్ కంపెనీ చెప్పేది గడ్డకట్టే సరుకు బరువు. కొనుగోలు విభాగం చెప్పేది చెరువు దగ్గర బరువు. గోదావరి జిల్లాల నుంచి 14 టన్నుల లారీ వచ్చిందంటే ఫ్రీజర్‌కు అందేది ఏడున్నర. మీ 14 ఏ బరువో ముందు తేల్చుకోండి. ఇక్కడ నేను గడ్డకట్టిన సరుకు బరువు అనే పట్టుకుని లెక్క వేస్తున్నాను.

కొలిచే పద్ధతి సులువే. 30 రోజుల పాటు గంటకోసారి ఆరు మెట్ల దగ్గరా ఎన్ని కిలోలు దాటాయో ఒక చార్టు. ఆ గంటలో ఆగిపోతే ఎందుకు ఆగిందో నాలుగే మాటలు: సరుకు లేదు, మనుషులు లేరు, మిషను పాడు, ఆర్డరు లేదు. నెలాఖరుకు ఈ నాలుగింటి గంటలు కూడండి. 'ఆర్డరు లేదు' కింద వచ్చిన గంటలే గిరాకీ కన్నా ఎక్కువైన సామర్థ్యం. మిగతా మూడూ వేరే రోగాలు, వాటికి వేరే మందులు.

ఈ తేడా విశాఖ వాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. ఉక్కు ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి 7.3 మిలియన్ టన్నులు. 2024లో బ్లాస్ట్ ఫర్నేసులు ఆగినప్పుడు దేశంలో ఉక్కుకు గిరాకీ లేక కాదు; చేతిలో డబ్బాడక, ముడిసరుకు కొరతై. 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ కూడా ఆర్డర్ల కోసం కాదు. బయటి నుంచి చూస్తే రెండూ 'ఖాళీగా ఉన్న ఫ్యాక్టరీ'లే. మీ చార్టులో ఎక్కువ గంటలు 'సరుకు లేదు' కిందే పడితే, కొత్త కొనుగోలుదారు ఎంతమంది వచ్చినా లాభం లేదు.

ఇప్పుడు చెరువు గట్టు సంగతి

రొయ్యల ప్రాసెసింగులో సామర్థ్యం ఎక్కువైతే ఆ దెబ్బ అమ్మకం ధరలో ముందు కనిపించదు, కొనుగోలు ధరలో కనిపిస్తుంది. సిమెంటులాంటి వాటిలో ఫ్యాక్టరీలు ఎక్కువైతే బస్తా రేటు పడుతుంది. ఇక్కడ సరుకు పాడైపోయేది, చెరువు ఒకటే, దాని కోసం పది ప్లాంట్ల కొనుగోలుదార్లు పోటీ. అమ్మకం ధర అమెరికాలోనో చైనాలోనో నిర్ణయమవుతుంది, దాన్ని మనం కదపలేం. కాబట్టి ఒత్తిడి అంతా రైతు దగ్గర కొనే రేటు మీద పడుతుంది. రైతుకు రెండు రోజులు మంచిదే. ఆ తర్వాత ప్లాంట్లు పేమెంట్లు లాగడం, కాటాలో కోతలు పెట్టడం, ఒకటి రెండు చేతులెత్తేయడం మొదలవుతాయి, చివరికి దెబ్బ రైతుకే.

మీ అంకెలతోనే చూడండి. 14 నుంచి 19 టన్నులకు వెళ్లాలని సొంత కొనుగోలు పెంచారు. సరుకు రావాలంటే కిలోకు 10 రూపాయలు ఎక్కువ పలకాల్సి వచ్చింది. ఒలిచాక మిగిలేది 52 శాతం అనుకుంటే, చెరువు దగ్గర 10 రూపాయలంటే ఫ్రీజర్ దగ్గర 19 రూపాయల పైచిలుకు. పైగా పెరిగిన రేటు అదనపు 5 టన్నులకే పరిమితం కాదు. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో మీ రేటు తిరుగుతుంది, మీ పాత 14 టన్నుల రైతులూ అదే అడుగుతారు, అడగడం న్యాయమే. అంటే నెలకు 4,75,000 కిలోల మీద 19.2 చొప్పున 91 లక్షలు అదనంగా. వచ్చింది ఎంత? అదనపు 1,25,000 కిలోల మీద 34 చొప్పున 42 లక్షల 50 వేలు. రెండో లైన్ మెట్టు ఖర్చు 4 లక్షలు కూడా తీసేయండి. లైన్లు రెండూ కళకళలాడుతూ నడుస్తాయి, నెల తిరిగేసరికి 52 లక్షలు పైగా పోతాయి.

ఇదే లెక్కను తిరగేస్తే మీ గీత ఎక్కడో తెలుస్తుంది. 38 లక్షల 50 వేలను 4,75,000తో భాగించి, 0.52తో గుణిస్తే 4 రూపాయల 20 పైసలు. చెరువు దగ్గర 4 రూపాయలు దాటి పెంచి సరుకు తెచ్చుకోవడం కంటే లైను ఖాళీగా ఉండడమే లాభం. మీ యీల్డ్, మీ స్థిర ఖర్చులతో ఈ అంకె మళ్లీ కట్టి, కొనుగోలు మేనేజరు గారి ఫోను వెనకాల అంటించండి.

అసలు మీరు అంత ప్రమాదంలో ఉన్నారా? కోటీ 5 లక్షలను 34తో భాగిస్తే 3,09,000 కిలోలు, అంటే రోజుకు 12.4 టన్నులు. మీరు 14 చేస్తున్నారు, నెలకు 14 లక్షలు మిగులుతున్నాయి. 40లో 14 అంటే 35 శాతమే, ఆ అంకె చూస్తే గుండె జారుతుంది. కానీ ఖర్చులు రాబడి సమానమయ్యే గీతకు మీరు పైనే ఉన్నారు. కనుక తొందరపడి రేట్లతో ఆటలాడే అవసరం లేదు. పని చేయాల్సింది 12.4ను 11కు దించడం మీద.

ఖర్చు దించే చోట్లు

ముందుగా ఒక లైన్ నిండుగా, రెండు లైన్లు సగం సగం కాకుండా. 14 టన్నులను రెండు లైన్ల మీద ఏడేసి చేస్తే రెండింటినీ గంట సేపు చల్లబరచాలి, రెండింటినీ డీఫ్రాస్ట్ చేయాలి, రెండింటినీ కడగాలి. అమోనియా స్క్రూ కంప్రెసర్‌ను సగం లోడు మీద నడిపితే కరెంటు సగానికి తగ్గదు, 60 నుంచి 70 శాతం దాకా లాగుతూనే ఉంటుంది. ఇంకా తగ్గిస్తే మరీ దండగ. లైన్ ఖర్చు కిలోల మీద కాదు, గంటల మీద నడుస్తుంది.

సరుకు కూడబెట్టి మూడు రోజులకోసారి నడుపుదామంటే రొయ్య ఆగదు. ఐసులో ఉన్నా రోజు దాటితే తల దగ్గర నల్లమచ్చ మొదలవుతుంది. కాబట్టి కూడబెట్టాల్సింది ఐసు డబ్బాల్లో కాదు, చెరువులోనే. పట్టుబడి తేదీలు వారం ముందు ఏజెంట్లతో కలిసి వేసుకుంటే వారంలో నాలుగు నిండు రోజులు, రెండు పూర్తి సెలవు రోజులు వస్తాయి. జబ్బు చేసి ఉన్నపళంగా పట్టే చెరువులకు ఇది కుదరదు.

తర్వాత కరెంటు. విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఇచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లులో మీరు వాడిన గరిష్ఠ డిమాండ్, కాంట్రాక్ట్ డిమాండ్ (ముందే ఒప్పుకున్న లోడు)లో 80 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కడతారు. 1,000 కేవీఏ కాంట్రాక్ట్ ఉండి 620 మాత్రమే వాడితే 800కి బిల్లు. కేవీఏకు 475 చొప్పున వాడని 180కి నెలకు 85,500. చూడగానే తగ్గించుకోవాలనిపిస్తుంది. అయితే 12 నెలల గరిష్ఠ డిమాండ్ పక్కపక్కన పెట్టుకుని చూశాకే దరఖాస్తు పెట్టండి. మేలో 950 తాకే ప్లాంటు కాంట్రాక్టును 750కి దించుకుంటే, దాటిన దానికి పడే జరిమానా ఏడాది పొదుపును తినేస్తుంది, మళ్లీ పెంచుకోవడం కాగితాలతోనూ డిపాజిట్లతోనూ పని. ముందు 950నే తగ్గించే ప్రయత్నం చేయండి: రెండు కంప్రెసర్లు ఒకేసారి స్టార్ట్ కాకుండా 15 నిమిషాల తేడా, కోల్డ్ స్టోరు డీఫ్రాస్ట్ పీక్ గంటల బయట, ఐసు మిషను రాత్రి. పవర్ ఫ్యాక్టర్ కూడా చూడండి, తక్కువ లోడు మీద తిరిగే మోటార్లు దాన్ని దించేస్తాయి, బిల్లు కేవీఏలో కాబట్టి అది నేరుగా జేబుకు తగులుతుంది.

రెండో లైన్ ఆపడం అంటే స్విచ్ కట్టేయడం కాదు. ఇక్కడ జరిగే తప్పులు ఖరీదైనవి, ప్రమాదకరమైనవి కూడా. క్రమం ఇది. పూర్తిగా డీఫ్రాస్ట్ చేసి, కడిగి, క్లోరిన్ వాసన పోయేదాకా మంచినీళ్లతో మళ్లీ కడిగి, ఆరబెట్టాలి. విశాఖ ఉప్పుగాలికి క్లోరిన్ మిగులు కూడా తోడైతే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద మూడు నెలల్లో సూది మొనంత గుంటలు పడతాయి, తర్వాత బ్యాక్టీరియా దాక్కునేది అక్కడే. బెల్టు బిగువు వదులు చేయండి. అమోనియాను రిసీవర్లోకి పంప్ డౌన్ చేశాకే వాల్వులు మూసి ట్యాగులు కట్టాలి. రెండు మూసిన వాల్వుల మధ్య ద్రవ అమోనియా చిక్కుకుపోతే వేడికి అది వ్యాకోచించి పైపు పగులుతుంది. ఆపి ఉంచిన లైన్ దగ్గర ఎవరూ ఉండరు కాబట్టి లీకు తెలిసేది ఆలస్యంగా. ఈ పని సర్టిఫికెట్ ఉన్న రిఫ్రిజరేషన్ మనిషి చేతే చేయించండి, ఒక్క రోజు కూలి మిగుల్చుకోవాలని చూడకండి.

ఆపిన కంప్రెసర్ ఆయిల్ హీటర్ ఆన్‌లోనే ఉండాలి, వారానికోసారి షాఫ్టును చేత్తో తిప్పాలి. లేకపోతే షాఫ్ట్ సీల్ ఎండిపోయి, మళ్లీ తెరిచాక మొదటి స్టార్టుకే అమోనియా కారుతుంది. గేర్‌బాక్సులు వారానికి పావుగంట తిప్పండి. తిరిగి తెరిచేటప్పుడు సీజనుకు రెండు వారాల ముందే మొదలెట్టి, స్వాబ్ పరీక్షల్లో లిస్టీరియా, సాల్మొనెల్లా లేవని తేలాకే సరుకు ఎక్కించండి. కోల్డ్ స్టోరు గదుల్లో ఒకదాన్ని ఆపేస్తే ఉష్ణోగ్రత నాలుగైదు రోజుల మీద మెల్లగా పెరగనివ్వండి, తిరిగి దించేటప్పుడూ అంతే. ఒక్కసారిగా మారిస్తే ప్యానెళ్ల అతుకులు విడిపోతాయి.

మనుషుల విషయంలో మాత్రం ఆపడం అనే ఆలోచనే జాగ్రత్తగా చేయండి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే ఒలిచే ఆడవాళ్లను జనవరిలో పంపేస్తే మేలో వాళ్లు పక్క ప్లాంటు బస్సులో కనిపిస్తారు. కొత్త చేతికి ఆ 400 రొయ్యల వేగం రావడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా యీల్డ్ కూడా పోతుంది. అన్‌సీజన్లో నెలకు ఇన్ని రోజులు పని గ్యారంటీ అని మాటిచ్చి నిలబెట్టుకోవడం మీకూ వాళ్లకూ మంచిది. వాళ్ల ఇంట్లో పొయ్యి కూడా ఆ రోజుల మీదే వెలుగుతుంది.

నిల్వ పెట్టడం అనే ముసుగు. ఆర్డరు లేకపోయినా చేసి కోల్డ్ స్టోరులో పెట్టుకుందాం, తర్వాత రేటు వస్తుంది అంటారు. 300 టన్నులు, కిలో 600 చొప్పున 18 కోట్లు. 10 శాతం వడ్డీకి నెలకు 15 లక్షలు, అంటే మీ నెల లాభం మొత్తం. కరెంటు, బరువు తగ్గుదల ఇందులో కలపలేదు. చేతిలో కొనుగోలు ఆర్డరు, షిప్‌మెంట్ తేదీ లేకుండా ఐక్యూఎఫ్ చేయొద్దు. తప్పనిసరైతే ఎవరైనా కొనే కట్‌లో, బ్రాండు ముద్రలేని ప్యాకింగులో చేయండి.

గిరాకీ వైపు ఒక్క మాట. 2023-24లో మన దేశం నుంచి పోయిన గడ్డకట్టిన రొయ్య 7,16,004 టన్నులు, అందులో 2,97,571 టన్నులు ఒక్క అమెరికాకే. 2025 ఆగస్టులో అక్కడి సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఎంత కలకలం రేగిందో మీకు తెలుసు. అప్పుడు బయటపడిన సంగతేమిటంటే, అమెరికా కోసం కట్టిన సామర్థ్యం చైనాకు పనికొచ్చే సామర్థ్యం కాదు. ఒలిచి తోక ఉంచి చిన్న సంచుల్లో నింపే లైను ఒకటి, తలతో సహా పెట్టెల్లో గడ్డకట్టించేది ఇంకొకటి. ఐరోపాకు అప్రూవల్ విడిగా కావాలి, జపాన్‌కు చేతిపని నైపుణ్యం కావాలి. మీ 40 టన్నుల్లో ఎన్ని టన్నులు ఎన్ని దేశాల సరుకుకు మార్చుకోగలవో రాసుకోండి. ఒకే దేశానికి పనికొచ్చేదాన్ని సగం సామర్థ్యంగానే లెక్కపెట్టండి. డబ్బు పెట్టాలనుంటే ఈ మార్పుల మీద పెట్టండి: తలతో ప్యాక్ చేసే టేబుళ్లు, ఇంకో గ్రేడరు, అప్రూవల్ కోసం ల్యాబు.

ఖాళీ అంతా చెడ్డది కాదని కూడా గుర్తుంచుకోండి. రాత్రి పదింటికి ఫోనొచ్చి, తెల్లమచ్చ కనిపించింది, పట్టేస్తున్నాం, తెల్లారేసరికి మూడు లారీలంటే దించుకోగలగాలి. సీజన్లో 85 శాతం దాటి నింపుకున్న ప్లాంటులో ఆ లారీలు గేటు బయట ఎండలో ఐసు కరుగుతూ నిలబడతాయి. ఆరింట ఒక వంతు ఖాళీని అలాంటి రోజు కోసం ఉంచుకోండి, దాన్ని ఎవరికీ అమ్మకండి.

మూడో లైను విషయానికొస్తే, దాన్ని సమర్థించే రోజులు ఏడాదిలో ఎన్నో మీ రికార్డుల్లోనే ఉన్నాయి. ఐక్యూఎఫ్ సరుకు 32 టన్నులు దాటిన రోజులు లెక్కపెట్టండి. 20 రోజులకు మించి ఉంటాయని నేను అనుకోను. ఆ 20 రోజుల కోసం ఏళ్ల తరబడి వాయిదా కట్టే బదులు, ఖాళీ ఉన్న పక్క ప్లాంటుతో జనవరిలోనే మాట్లాడుకుని, మే, జూన్‌లకు రోజుకు ఇన్ని టన్నులని మీరే జాబ్ వర్క్ బుక్ చేసుకోండి. వాళ్లకు మీరు ఇవ్వాల్సిన రేటు ఎంత ఉండాలో పైన లెక్కలోనే ఉంది. సరుకు వాళ్ల దగ్గర తయారైతే ప్యాకింగు మీద వాళ్ల అప్రూవల్ నంబరే వేయాలి, కొనుగోలుదారు నుంచి దానికి ముందే రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోండి.